పాత టేకు పైకప్పు, కొత్త ఉక్కు చట్రం: వాసానికీ ఇనుప దూలానికీ మధ్య అతుకు ఎలా ఉండాలి?

పెంకుటింటి_వారసుడు:
మాది అమలాపురానికి దగ్గరలోని ఒక పల్లె. మా తాతగారు 1938లో కట్టించిన మండువా లోగిలి ఇంకా నిలబడే ఉంది కానీ, మట్టి ఇటుకల గోడలు అడుగున మూడడుగుల మేర చౌడెక్కి, చేత్తో రుద్దితే పొడిగా రాలిపోతున్నాయి. పైకప్పు కలప మాత్రం అంతా టేకే. నాలుగైదు చోట్ల తప్ప పురుగు గానీ పుచ్చు గానీ కనిపించలేదు. అందుకని కప్పును జాకీల మీద నిలిపి, గోడలను తీసేసి, వాటి స్థానంలో ఉక్కు స్తంభాలూ దూలాలూ పెట్టి, తరువాత తీరికగా ఇటుక గోడలు కట్టుకుందామని నిర్ణయించుకున్నాం.

వాసాలు మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు, రెండడుగులకు ఒకటి చొప్పున ఉన్నాయి. కొప్పు నుంచి గోడ దాకా వాలు వెంట 3.3 మీటర్లు, ఆపైన చూరు 75 సెంటీమీటర్లు. కొప్పు దూలాన్ని మొగరాలు (కింది దూలం మీద నిలబెట్టిన పొట్టి గుంజలు) మోస్తున్నాయి. పైన మంగుళూరు పెంకు.

పని ఒప్పుకున్న మేస్త్రీ ఇనుప దూలం మీద యాంగిల్ (L ఆకారపు ఇనుము) ముక్కలు వెల్డింగ్ చేసి, ఒక్కొక్క వాసానికి రెండేసి మేకులు కొడితే చాలునంటున్నారు. మాకు తెలిసిన ఒక ఇంజనీరుగారు కూడా ఇంత బరువున్న కప్పు ఎక్కడికీ పోదన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. 1996 నవంబరు 6 రాత్రి మా వసారా పెంకులన్నీ లేచిపోయి, మూడు వాసాలు గోడ మీద నుంచి జానెడు పక్కకు జరిగిన సంగతి నేను కళ్ళారా చూశాను. ఈ అతుకును లెక్క ప్రకారం ఎలా రూపొందించాలో తెలిసినవారు చెప్పగలరా?

స్లాబు_మేలు:
అన్ని లక్షలు పోసి పాత కర్రను కాపాడుకునే బదులు మొత్తం దించేసి స్లాబు వేసుకోవడం మంచిది. ఆ టేకును అమ్మితే స్లాబు ఖర్చులో సగం వస్తుంది.

పెంకుటింటి_వారసుడు:
@స్లాబు_మేలు, మీ సలహా మా ఇంట్లో కూడా చర్చకు వచ్చింది. ఆ కప్పు కిందనే కన్నుమూయాలని మా అమ్మ కోరిక. ఆ నిర్ణయం అయిపోయింది కాబట్టి దయచేసి అతుకు గురించే మాట్లాడుకుందాం.

గణనాచారి:
మీ అనుమానమే సరైనది. ఇంటి కప్పు అనగానే మనమంతా కిందికి దిగే బరువును గురించే ఆలోచిస్తాం. తీరప్రాంతంలో మాత్రం అతుకును పైకి లేపే బలానికి లెక్కకట్టాలి. కిందికి దిగే బరువును ఏ అతుకైనా మోస్తుంది, ఎందుకంటే వాసం దూలం మీద కూర్చునే ఉంటుంది.

మీ కొలతలతోనే చేసి చూపిస్తాను. గాలి బలాలకు భారత ప్రమాణ సంకేతం (కోడ్) ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రకారం మీ ప్రాంతానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. చుట్టూ వరిచేలు ఉన్న పల్లె కనుక ఎత్తుకూ పరిసరాలకూ గుణకం 1.0 తీసుకుందాం. కొబ్బరి తోటలు అడ్డుంటాయి కదా అనుకోకండి, 1996లో ఆ తోటలే ముందు కూలాయి. గాలి ఒత్తిడి 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, 1.5 కిలోన్యూటన్లు. తుపాను ప్రాంతం కాబట్టి దిశా గుణకం 0.9 తీసుకుని తగ్గించుకునే వీలు లేదు. కప్పు పైన పీల్పు 0.7, తలుపులూ కిటికీలూ తెరుచుకున్నప్పుడు లోపలి నుంచి తోపు 0.5, రెండూ కలిపి 1.2. కాబట్టి కప్పును పైకి లాగే బలం చదరపు మీటరుకు 1.8 కిలోన్యూటన్లు.

దానికి ఎదురు నిలిచేది పెంకులూ, రీపర్లూ (పెంకులు ఆనే సన్నటి అడ్డబద్దలు), వాసాలూ కలిపి సుమారు 0.8 కిలోన్యూటన్లు మాత్రమే. అంటే మీ ఇంజనీరుగారు చెప్పిన బరువు, గాలి లాగే బలంలో సగానికి కూడా రాలేదు. వాలులో సగమూ చూరూ కలిపి 2.4 మీటర్లు, వాసాల మధ్య 0.6 మీటర్లు కనుక ఒక్కొక్క వాసం చివర మీద పడే విస్తీర్ణం సుమారు 1.44 చదరపు మీటర్లు. భద్రత కోసం గాలికి 1.5 రెట్లు, స్వంత బరువుకు 0.9 రెట్లు తీసుకుంటే వాసానికి 2.85 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 290 కిలోల బరువును పైకి లాగినట్టు. చూరు దగ్గర కింది నుంచి కూడా గాలి తోస్తుంది కనుక అక్కడ ఇంకా ఎక్కువ. ఎనభై ఏళ్ళు దాటిన ఎండు టేకులో నిలువుగా దిగగొట్టిన రెండు మేకులు దీనికి ఆగుతాయని నేను సంతకం పెట్టలేను.

చూరుకింద_చదువరి:
లోపలి తోపు 0.5 ఎందుకు? తుపాను వస్తోందంటే అన్నీ మూసుకునే కూర్చుంటాం కదా. అప్పుడు 0.2 చాలదా?

గణనాచారి:
మండువా లోగిలికి 0.2 పనికిరాదు. నడిమధ్యన ఆకాశానికి తెరుచుకున్న ఇల్లు అది. పైగా గాలివైపు ఒక్క కిటికీ రెక్క ఊడిందంటే ఇల్లంతా గాలి నిండిన తిత్తి అవుతుంది. నాలుగు పెంకులు లేచినా అంతే. మండువా చుట్టూ లోపలి చూరు కూడా ఉంటుంది కాబట్టి, బయటి చూరుకు తీసుకున్నంత జాగ్రత్తా అక్కడా తీసుకోవాలి.

ఉలి_బాడిస:
మా ఇంట్లో నాలుగు తరాలుగా వడ్రంగమే. గణనాచారిగారు చెప్పిన లెక్క నాకు అర్థమయ్యేది పాత అతుకుల రూపంలోనే. స్తంభం తల మీద కుసి (సన్నగా చెక్కిన కొస), దూలం అడుగున అది దూరే బెజ్జం, కుసి మీద దూలం కూర్చోవడం, దూలం మీద మొగరం, మొగరం మీద కొప్పు: ఇవన్నీ ఒకదాని మీద ఒకటి బరువుతో కూర్చునే అతుకులు. మా తాతలు వీటిని అద్భుతంగా చెక్కారు. కానీ పైకి లాగితే కుసి బెజ్జంలో నుంచి సులువుగా బయటికి వస్తుంది, కర్రచీల కొట్టిన చోట్ల తప్ప. పాత ఇళ్ళను గాలికి కాపాడింది అతుకులు కావు, పెంకు బరువూ, మందపాటి మట్టి గోడలూ. వారసుడుగారు ఇప్పుడు ఆ గోడలనే తీసేస్తున్నారు. కాబట్టి గోడ చేసిన పనినంతా కొత్త అతుకు చెయ్యాలి.

ఇంకొక మాట. కప్పు విప్పే ముందు ప్రతి వాసం తల దగ్గరా, దూలం పక్కనా బాగా తుడిచి చూడండి. ఉలితో కొట్టిన చిన్న చిన్న గీతలు కనిపిస్తాయి. ఒక గీత, రెండు గీతలు, అడ్డగీత, ఇలా. ఏ వాసం ఏ గాడిలో కూర్చోవాలో వడ్రంగి పెట్టుకున్న గుర్తులవి. వాటిని రంగుతో మళ్ళీ రాసుకోకుండా కప్పు దించితే తిరిగి అమర్చడానికి నెలలు పడుతుంది.

ఇనుపపని_కాకినాడ:
నేను ఇరవై ఏళ్ళుగా షెడ్లూ, ఇళ్ళ ఇనుప చట్రాలూ కడుతున్నాను. మేస్త్రీ మీద అంత కోపం వద్దు, ఆయన చెప్పిన పద్ధతికి ఒక కారణం ఉంది. పాత వాసాలు చేతి రంపంతో కోసినవి. మూడంగుళాలని మీరు రాసినా, కొలిస్తే ఒకటి 70 మిల్లీమీటర్లు, ఇంకొకటి 80 ఉంటుంది. రెండు పక్కలా ప్లేట్లు పెట్టి ముందే వెల్డింగ్ చేసుకుని వస్తే సగం వాసాలు అందులో దూరవు, మిగతా సగం వదులుగా ఊగుతాయి. అందుకే చాలామంది ఒక వైపు యాంగిల్ పెట్టి మేకులతో సరిపెడతారు.

టాంపా_తెలుగమ్మాయి:
నేను ఫ్లోరిడాలో ఇళ్ళ నిర్మాణ తనిఖీ పనిలో ఉన్నాను. ఇక్కడ 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను తరువాత జనానికి బాగా అర్థమైన విషయం ఒకటుంది. కప్పు నుంచి పునాది దాకా బలం ప్రయాణించే దారిలో ఒక్క గొలుసు కొండీ తెగకూడదు. వాసానికి పట్టీ, పట్టీ నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి. సింప్సన్ స్ట్రాంగ్-టై వంటి సంస్థల రెడీమేడ్ పట్టీలు ఇక్కడ ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి. ఆ పట్టీల్లో కూడా మేకులే వాడతారు కానీ, వాటిని పక్కల నుంచి అడ్డంగా కొడతారు. లాగినప్పుడు మేకు ఊడిరాదు, కోతకు నిలుస్తుంది. మేస్త్రీగారి మేకులు ఏ దిశలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

పెంకుటింటి_వారసుడు:
యాంగిల్ అడుగు నుంచి పైకి, అంటే వాసం పొట్టలోకి కొడతామన్నారు. ఇప్పుడు అర్థమైంది, గాలి లాగే దిశా మేకు ఊడే దిశా ఒకటే.

గణనాచారి:
@టాంపా_తెలుగమ్మాయి చక్కగా చెప్పారు. మన పల్లెలో ఆ పట్టీలు దొరకవు, పాత టేకు ఎండి గట్టిపడింది కనుక వరసగా మేకులు కొడితే చీలే ప్రమాదమూ ఉంది. అందువల్ల నా సూచన బోల్టు.

ఇనుప దూలం మీద ఒక వైపు 6 మిల్లీమీటర్ల ప్లేటును చెవిలాగా నిలువుగా, దుకాణంలోనే వెల్డింగ్ చేయించండి. రెండో వైపు విడిగా యాంగిల్ ముక్క, దాని అడుగు కాలికి పొడవాటి రంధ్రం. వాసాన్ని కూర్చోబెట్టాక ఆ యాంగిల్‌ను దగ్గరికి జరిపి బిగించుకోవచ్చు. కాకినాడవారు చెప్పిన 70, 80 తేడా దీనితో తీరుతుంది. రెండు చెవుల గుండా, వాసం గుండా అడ్డంగా ఒకే ఒక 12 మిల్లీమీటర్ల బోల్టు.

ఇప్పుడు అందరూ పొరబడే చోటు. గ్రేడు 4.6 రకం 12 మిల్లీమీటర్ల బోల్టు రెండు చెవుల దగ్గరా కోతకు 24 కిలోన్యూటన్ల కన్నా ఎక్కువే ఆగుతుంది, మనకు కావలసింది మూడు. ఇనుము ఎప్పుడూ సరిపోతుంది, తెగేది కర్ర. గాలి వాసాన్ని పైకి లాగినప్పుడు బోల్టు కింద ఉన్న కర్ర బోల్టును ఒత్తుతుంది. బోల్టు వాసం అడుగుకు దగ్గరగా ఉంటే ఆ కాస్త కర్ర పేడులాగా ఊడి వస్తుంది. అందుకని బోల్టు నడిమి నుంచి ఆ అంచుకు వ్యాసానికి కనీసం 4 రెట్లు, అంటే 48 మిల్లీమీటర్లు ఉండాలి. మీ వాసం లోతు 100. దూలం మీద కూర్చోవడానికి గాడి 25 తీస్తే మిగిలేది 75. గాడి పైనుంచి 48 ఎత్తున రంధ్రం వేస్తే పైన 27 మిగులుతుంది, అది చాలు. వాసం దూలాన్ని దాటి చూరుగా సాగుతుంది కనుక బోల్టు నుంచి వాసం కొసకు ఉండే దూరం సమస్య కాదు. చూరు లేని చోట మాత్రం గట్టి కలపకు వ్యాసానికి 5 రెట్లు వదలాలి.

రంధ్రం కర్రలో బిగుతుగా ఉండాలి. మందపాటి బిట్టుతో వేసి వదులుగా బోల్టు దూర్చితే మొదటి గాలికే వాసం కదలడం మొదలుపెడుతుంది.

చూరుకింద_చదువరి:
ఒకే బోల్టు ఎందుకు? రెండు పెడితే ఇంకా భద్రం కాదా?

ఉలి_బాడిస:
దీనికి నేను జవాబు చెబుతాను. కర్ర పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో తగ్గుతుంది. టేకు తక్కువ కదిలే కర్రే, అయినా కదలకుండా ఉండదు. ఇనుప ప్లేటు ఆ కదలికలో పాలుపంచుకోదు. ఒకదాని మీద ఒకటిగా రెండు బోల్టులు ప్లేటుకు బిగిస్తే, కర్ర తగ్గినప్పుడు ఆ రెండింటి మధ్యా పగులు పుడుతుంది. ఒక్క బోల్టయితే దాని చుట్టూ కర్ర తన ఇష్టప్రకారం కదులుతుంది. మా నాన్నగారు ఇనుప పట్టీ కొట్టిన తలుపు బల్లలన్నీ పట్టీ దగ్గరే పగిలేవని చెప్పేవారు. కారణం ఇదే.

తాటిదూలం_దివిసీమ:
మా ఇంటికి టేకు లేదు, వాసాలూ దూలాలూ అన్నీ తాటివి. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత మా పెద్దలు కట్టిన ఇల్లు. మేమూ ఇనుప స్తంభాలు పెట్టాలనుకుంటున్నాం. ఇదే బోల్టు పద్ధతి మాకు పనికివస్తుందా?

గణనాచారి:
తాటికి ఇలాగే చెయ్యకండి. తాటి మానుకు బయటి పట్టు ఇనుములాంటిది, లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తని పీచు. నడిమిన రంధ్రం వేసి బోల్టు పెడితే అది ఆనుకునే చోటంతా మెత్తదనమే, బయటి కాస్త మందం మీదే బరువంతా పడుతుంది.

ఉలి_బాడిస:
తాటికి పట్టుకోవలసింది చుట్టూ. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇనుప పట్టీని గుర్రపునాడాలాగా వంచి, వాసం మీదుగా వేసి, రెండు కొసలనూ దూలానికి బోల్టులతో బిగించండి. పట్టీ వాసపు నల్లటి గట్టి చేవ వైపు ఆనాలి, చీల్చిన తెల్లటి వైపు ఆనితే నొక్కుకుపోతుంది. పట్టీ కింద పాత టైరు ముక్క వేస్తే పీచు నలగదు.

తాటిదూలం_దివిసీమ:
చేవ వైపు అన్న మాట ఒక్కటీ చాలు. మా మేస్త్రీ సరిగ్గా ఎదురు వైపు బిగించబోయాడు.

ఉప్పుగాలి_భీమిలి:
లెక్కలు బాగున్నాయి కానీ తుప్పు గురించి ఎవరూ ఎత్తలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో ఎగిరిపోయిన వసారా కప్పులను మరునాడు పొద్దున తిప్పి చూశాను. చాలావాటిలో బోల్టు తెగలేదు. బోల్టు తల కింది వాషరు తుప్పుపట్టి, పలచబడి, దాని మీదుగా కర్ర జారి వచ్చింది. సముద్రం దగ్గర రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి వదిలేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు. చెవులన్నీ వెల్డింగ్ అయ్యాక దూలాన్ని మొత్తంగా జింకు తొట్టిలో ముంచి గాల్వనైజింగ్ చేయించండి. బోల్టులూ వాషర్లూ కూడా అలాంటివే కొనండి.

మామూలు గుండ్రటి వాషరు కూడా వద్దు. 60 మిల్లీమీటర్ల చదరపు ప్లేటు వాషరు, 6 మందం, పెట్టండి.

గణనాచారి:
చదరపు వాషరు సంగతి నిజమే. ముఖ్యంగా కొప్పు దూలాన్ని మొగరానికి నిలువు బోల్టుతో పట్టే చోట. 12 మిల్లీమీటర్ల బోల్టుకు వచ్చే మామూలు వాషరు కర్ర మీద ఆనేది 310 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే, 60 చదరపు ప్లేటు ఆనేది 3450. ఒత్తిడి పదకొండో వంతుకు దిగుతుంది.

ఇనుపపని_కాకినాడ:
భీమిలివారి మాటకు ఒక హెచ్చరిక జోడిస్తాను. బాక్సు పైపులను (నలుచదరపు బోలు గొట్టాలను) రెండు కొసలూ పూర్తిగా మూసి జింకు తొట్టికి పంపకూడదు. లోపల చిక్కుకున్న గాలీ తేమా వేడికి పైపును పేలుస్తాయి, ప్రాణాలు పోతాయి. పైపులో మూసుకుపోయే ప్రతి అరకూ గాలి పోయే రంధ్రాలు వదిలి పంపించాలి, తిరిగి వచ్చాక వాటిని మూసుకోవాలి. తొట్టి పొడవు ఎంతో ముందే కనుక్కుని దూలం ముక్కలను ఆ కొలతకు చేసుకోండి.

పైపు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. వాసం కూర్చునే దూలానికి ఐ సెక్షన్ (I ఆకారపు ఇనుము) కన్నా బాక్సు పైపే వాడండి. చెవి మధ్యలో కాకుండా పక్కకు వస్తే ఐ సెక్షన్ మెలితిరుగుతుంది.

నిదానం_నర్సాపురం:
మా బాబాయిగారి ఇంటి పని చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడుతుందని. కప్పును జాకీల మీద ఉంచే, దాని కిందనే నిలబడి దూలాలకు వెల్డింగ్ చేశారు. సాయంత్రం ఆరింటికి పని ఆపేసి అందరూ వెళ్ళిపోయారు. రాత్రి పదకొండు గంటలకు పిన్నిగారికి పొగ వాసన తగిలింది. వాసం వెనక గూట్లో పిచ్చుకలు పేర్చిన గడ్డిలో ఒక నిప్పురవ్వ పడి, ఐదు గంటలపాటు మంట లేకుండా రాజుకుంటూ వచ్చింది. దేవుడి దయవల్ల రెండు బిందెల నీళ్ళతో ఆరిపోయింది. వాసం మాత్రం మూరెడు మేర బొగ్గయింది. పాత కర్ర దగ్గర వెల్డింగ్ అన్న ఆలోచనే వద్దు. అన్నీ దుకాణంలో వెల్డింగ్ చేయించుకుని, ఇంటి దగ్గర బోల్టులు మాత్రమే బిగించుకోండి.

గణనాచారి:
దీనికి ఇంకొక కారణం కూడా తోడవుతుంది. ఉక్కు కట్టడాల సంకేతం ఐఎస్ 800, 2007 ప్రకారం దుకాణంలో వేసిన వెల్డుకు భద్రతా గుణకం 1.25, పని స్థలంలో వేసినదానికి 1.5. ఒకే వెల్డు ఇంటి దగ్గర వేస్తే ఆరో వంతు బలం తక్కువగా లెక్కించాలి. పైగా గాల్వనైజింగ్ పూత ఆ చోట కాలిపోతుంది.

పెంకుటింటి_వారసుడు:
ఒక కొత్త సందేహం. పెంకులు దించుతున్నాం కదా, తిరిగి ఎక్కించే బదులు పెంకు ఆకారంలో వచ్చే రేకు వేస్తే కప్పు తేలికై, అతుకు మీద భారం తగ్గుతుందా?

గణనాచారి:
తగ్గదు, పెరుగుతుంది. పెంకు బరువు మీకు శత్రువు కాదు, గాలికి ఎదురు లాగే ఒకే ఒక్క స్నేహితుడు. రేకు వేస్తే స్వంత బరువు 0.8 నుంచి 0.2కు పడిపోతుంది, అవే 1.5, 0.9 రెట్లతో లెక్కిస్తే లేపే బలం చదరపు మీటరుకు 1.98 నుంచి 2.52 కిలోన్యూటన్లకు చేరుతుంది. పెంకులే ఉంచి, చూరు వెంట రెండు మూడు వరసలనూ, కొప్పు పెంకులనూ, అడుగున ఉండే చెవి రంధ్రంలో నుంచి తీగతో రీపరుకు కట్టించండి.

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటి ఇంతవరకూ ఎవరమూ ఎత్తలేదు. అన్ని అతుకులూ ఒక్కొక్క బోల్టుతో ఉంటే చట్రం పక్కకు ఒరిగిపోతుంది. ఇదివరకు ఆ పని కూడా మట్టి గోడలే చేశాయి. ఇంటి అడ్డం దిశలో స్తంభానికీ దూలానికీ మధ్య అతుకు దూలం కొసకు వెల్డింగ్ చేసిన మందపాటి ప్లేటుతో (ఎండ్ ప్లేటు), నాలుగో ఆరో బోల్టులతో, వంగకుండా నిలిచేలా ఉండాలి. పొడవు దిశలో ఏదో ఒక గడిలో, అంటే రెండు స్తంభాల మధ్య, ఏటవాలు బ్రేసింగ్ పెట్టాలి. పెంకు కప్పు తనంతట తాను బల్లలాగా గట్టిగా ఉండదు, కాబట్టి వాసాల అడుగున కూడా ఏటవాలుగా ఇనుప పట్టీలు పరిస్తేనే గాలి బలం ఆ చట్రాల దాకా చేరుతుంది.

టాంపా_తెలుగమ్మాయి:
పునాది కూడా చెప్పండి. గొలుసులో చివరి కొండీ అదే.

గణనాచారి:
మూడు మీటర్లకు ఒక స్తంభం అనుకుంటే ఒక్కొక్క దానికి పైకి లాగేది సుమారు 14 కిలోన్యూటన్లు, ఒకటిన్నర టన్ను. దానిని ఆపేది కాంక్రీటు బరువూ, దాని మీది మట్టి బరువూ. కోనసీమలో తుపాను నాడు నీళ్ళు నేలమట్టానికి వస్తాయి. నీటిలో మునిగిన కాంక్రీటు ఘనపు మీటరుకు 24 కిలోన్యూటన్లు కాదు, 14 మాత్రమే. ఈ తగ్గింపు మరిచిపోయిన పునాదులు నేను చాలా చూశాను.

ఇనుపపని_కాకినాడ:
ఇక్కడ నేను ఒప్పుకోను. ఇటుక గోడలు మళ్ళీ కడుతున్నారు కదా, వాటి బరువు స్తంభాల మీదా పునాది మీదా పడుతుంది. విడి పునాదులను అంత పెద్దవి చెయ్యడం అనవసరపు ఖర్చు.

గణనాచారి:
గోడ బరువు ప్లింత్ బీము (గోడ అడుగున వేసే కాంక్రీటు దూలం) ద్వారా స్తంభపు పునాదికే చేరేలా కడితే మీ మాట ఒప్పుకుంటాను. కానీ వారసుడుగారు గోడలు తరువాత తీరికగా కడతామన్నారు. చట్రం నిలిపాక గోడ లేవకముందే అక్టోబరు, నవంబరు వస్తే పునాది ఒక్కటే ఆగాలి. మే నెలలోగా గోడలు పూర్తవుతాయని హామీ ఉంటే తగ్గించుకోవచ్చు.

చూరుకింద_చదువరి:
నేను సివిల్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కలపకు ఐఎస్ 883 చూశాను. అందులో అనుమతించే ఒత్తిళ్ళు ఇచ్చారు, ఐఎస్ 800లో మాత్రం భద్రతకు రెట్లు వేసి పెంచిన భారాలతో లెక్క. మీ 2.85 కిలోన్యూటన్లను కలపకు కూడా వాడవచ్చా?

గణనాచారి:
చాలా మంచి ప్రశ్న. వాడకూడదు. ఇనుప చెవికీ వెల్డుకూ పెంచిన భారం 2.85. కలపకు మాత్రం పెంచని భారం, 1.8 లోంచి 0.8 పోగా 1.0, దానిని 1.44తో గుణిస్తే 1.44 కిలోన్యూటన్లు. గాలి కాసేపే ఉంటుంది కనుక ఆ సంకేతంలో అనుమతించే ఒత్తిడిని 1.33 రెట్లు పెంచుకోవచ్చు. బోల్టు కర్రను ఆనేది 12 × 75, అంటే 900 చదరపు మిల్లీమీటర్లు, ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 1.6 న్యూటన్లు. మంచి టేకుకు ఇది ఇబ్బంది కాదు. రెండు సంకేతాల లెక్కలనూ ఒకే కాగితం మీద రెండు నిలువు వరసలుగా వేసుకోండి, ఎప్పుడూ తికమక రాదు.

పెంకుటింటి_వారసుడు:
పదిహేను రోజుల తరువాత వస్తున్నాను. మేస్త్రీకి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయన నొచ్చుకోలేదు, పరీక్ష చేసి చూద్దామన్నారు. పుచ్చిన వాసంలో బాగున్న భాగాన్ని రెండు ముక్కలుగా కోసి, ఒకదానికి ఆయన పద్ధతిలో యాంగిల్, రెండు మేకులు కొట్టారు. రెండోదానికి గణనాచారిగారి చెవులూ బోల్టూ పెట్టారు. రెండింటినీ తలకిందులుగా కొబ్బరి చెట్ల మధ్య కట్టిన దుంగకు బిగించి, తాళ్ళతో 50 కిలోల సిమెంటు బస్తాలు వేలాడదీశాం. మేకుల ముక్క రెండు బస్తాలకు కిర్రుమంది, మూడో బస్తా వదులుతుండగానే మేకులు తిన్నగా ఊడివచ్చాయి. వంకర కూడా పోలేదు. బోల్టు ముక్కకు ఆరు బస్తాలు కట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున వెళ్ళి చూస్తే బోల్టు కింద కర్ర మీద గోరుతో నొక్కినంత గుర్తు తప్ప ఏమీ లేదు. మేస్త్రీ ఆ ఊడిన రెండు మేకులనూ జేబులో వేసుకుని వెళ్ళారు, మిగతా పనులవాళ్ళకు చూపిస్తానని.

ఉలి_బాడిస:
బస్తాల పరీక్ష చేసినందుకు ఆ మేస్త్రీగారికి నా తరఫున దండం పెట్టండి. వాసం గుర్తులు రాసుకున్నారా?

పెంకుటింటి_వారసుడు:
రాసుకున్నామండీ. మొత్తం 64 వాసాలు. ఈశాన్యం మూలవాసం మీద గీతలతో పాటు ఒక చిన్న చేప బొమ్మ కూడా చెక్కి ఉంది. అమ్మకు చూపిస్తే ఆ వడ్రంగి తన చిన్నప్పుడు మా ఇంట్లోనే భోంచేసేవాడని చెప్పింది.

ఇనుపపని_కాకినాడ:
ఆ చేప ఉన్న చోట చెవి ప్లేటు పడకుండా దూలం మీద 100 మిల్లీమీటర్లు పక్కకు జరపమనండి. మూలవాసం ఏటవాలుగా దిగుతుంది కనుక దాని చెవులు మిగతావాటిలాగా తిన్నగా కాకుండా 45 డిగ్రీలు తిప్పి వెల్డింగ్ చెయ్యాలి. తొట్టికి పంపే ముందే ఆ నాలుగు మూలలనూ నేల మీద సుద్దతో గీసి సరిచూసుకోండి, గాల్వనైజింగ్ అయ్యాక దిద్దుకోవడానికి వీలుండదు.